బొరియ గుమ్మంలో ఆడది

ప్రియమైన ఎలియోదోరోకి,

నువ్వు కాఫీ కోతకని కొండెక్కినప్పటి నుంచీ నాకు కంటిమీద కునుకు లేదు. గుర్రపుకొట్టం గోడకింద బొరియలో అరచెయ్యంత సాలీడు చేరింది. నల్లగా, ఒళ్ళంతా వెంట్రుకలు. గుర్రాల్ని కుట్టే పికాకబాయో ఇదేనేమో. మన గుర్రం కనేలా వెనకకాలు కుంటుతోంది, గిట్ట మెత్తబడి కంపు కొడుతోంది. ఆ సాలీడు ఉచ్చపోస్తే గిట్ట ఊడిపోతుందని మా అమ్మ అనేది. గుర్రం పోతే కోత అయ్యాక నీకు ఎదురొచ్చేదెలా? మనుషుల్నీ చంపుతుందా? వేన్నీళ్ళు పోసెయ్యనా?

దిగులుతో, నీ హసింతా

నా హసింతాకి,

పొయ్యకు. ఇక్కడ వంటచేసే ఫిదెలీనాని అడిగాను. వాళ్ళ నాన్న గుర్రాలకి నాడాలు కొట్టేవాడు. "గిట్టని కుళ్ళబెట్టేది బురద, అన్నా! ఆ పిచ్చి సాలీడు కాదు" అని నవ్వింది. కుడితే కందిరీగ కుట్టినంత మంట, అంతే. పొట్టమీది నూగు కంట్లో పడితేనే చెడ్డది. బొరియ వదలకపోతే అది ఆడదట, ఊళ్ళమీద తిరిగేవి మగవట. నిన్న ఒకటొస్తే అరచేతిమీదికి ఎక్కించుకుని చూపించింది. గిట్ట కడిగి, కనేలాని పొడిచోట కట్టెయ్.

ఎలియోదోరో

ఎలియోదోరోకి,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడంలేదు. ఆడది ఇంట్లో కూర్చుంటుందనీ, మగాడు తిరుగుతాడనీ చెప్పడానికి నీకు వంటామె కావాల్సొచ్చిందా? ఆవిడ అరచెయ్యి చూడ్డానికి వంటింట్లో నీకేం పని? మొగుడున్నాడా ఆవిడకి? అది రాయలేదేం? గిట్ట కడుగుతున్నాను, ఆవిడ చెప్పిందని కాదు. సాలీణ్ణి మాత్రం ఉంచను. ఆవిడ వెనకేసుకొచ్చింది కాబట్టే ఉంచను.

హసింతా

నా పిచ్చి హసింతాకి,

మొగుడు లేడు. నోట్లో పళ్ళూ రెండే. ఇక పడుకో.

నీవాడే, ఎలియోదోరో

ప్రియమైన ఎలియోదోరోకి,

రెండేనని లెక్కపెట్టేంత దగ్గర కూర్చున్నావన్నమాట!

సందెవేళ వేన్నీళ్ళ గిన్నె పట్టుకుని వెళ్ళాను. అది ముందుకాళ్ళు బొరియ అంచుమీద పెట్టుకుని, బయటికి చూస్తూ కూర్చునుంది. అలా కూర్చోవడం నాకు తెలుసు. ఆ నీళ్ళతో కాఫీ కాచుకున్నాను.

మర్నాడు దాని ముందు చెయ్యి పెట్టాను. కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి మోపుతూ ఎక్కింది. దేవుణ్ణి తలుచుకున్నాను గానీ విదల్చలేదు. కుట్టలేదు, కాస్త దురదపెట్టింది. కనేలా గిట్ట గట్టిపడింది, వాగుదాకా నడిచొచ్చింది. ఆదివారం దానిమీదే కొండెక్కుతున్నాను.

సాలీణ్ణి నేనూ చేత్తో పట్టుకున్నానని ఫిదెలీనాకి నువ్వు చెప్పకు. నేనే వచ్చి చెప్తాను.

ఎదురుచూడటం మానేసిన, నీ హసింతా