సాయిలు తాత చెప్పిన యుద్ధం

అక్కకు,
గౌలిపుర నుంచి నీ లత దండాలు. నువ్వు, బావ, పిల్లలు చల్లగా ఉన్నారని తలుస్తాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను, నా గురించి ఫికర్ పెట్టుకోకు. ఫోన్‌లో చెబుదామంటే కోపంతో మాట రావడం లేదు. అందుకే రాస్తున్నాను.

ఇక్కడ ఎండలు ముదిరాయి. రేకుల గది కదా, మధ్యాహ్నం ఉండలేం. ఆ వేళకు నేను మ్యూజియంలోనే ఉంటాను కాబట్టి సరిపోతోంది. తుపాకులు, పాత యూనిఫారాలు పెట్టిన హాల్లో నిలబడి, అద్దాలు ముట్టుకోవద్దని జనానికి చెప్పడమే నా పని. కూర్చోనివ్వరు, సాయంత్రానికి కాళ్లు లాగుతాయి. తిండికి లోటు లేదు. కానీ ఇక్కడి పప్పులో పులుపే ఉండదు. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త మన చింతపండు పంపు.

కిందటి ఆదివారం కొత్త ప్రదర్శన మొదలుపెడుతూ, యుద్ధంలో పనిచేసిన వాళ్లతో జనానికి మాటామంతీ పెట్టారు. మా గల్లీలో ఉండే సాయిలు తాతను కూడా పిలిచారు. సైన్యంలో వంట చేసి రిటైరైన మనిషి. నేను వచ్చిన కొత్తలో గది వెతికిపెట్టింది ఆయనే. ఆయన్ను తీసుకొచ్చే పని నాకు అప్పజెప్పారు. తాత చొక్కా ఇస్త్రీ చేయించుకుని, పతకం పెట్టుకుని, గంట ముందే వాకిట్లో కూర్చున్నాడు.

తీరా వెళ్తే మేనేజర్ ఆయన చేతిలో ఒక కాగితం పెట్టాడు. శత్రువుల బంకరు మీదికి ఒంటరిగా దూకి నలుగురిని చంపాడని అందులో రాసుంది. తాత నాతో రెండుసార్లు చదివించుకుని, ఇది తన సంగతి కాదన్నాడు. వంట ముచ్చట ఎవరు వింటారని మేనేజర్ నవ్వాడు. ఆ నవ్వుకు నా ఒళ్లు మండిపోయింది అక్కా.

తాత స్టేజీ ఎక్కి కాగితం మడిచి పక్కన పెట్టాడు.

"నేను ఎవ్వల్ని సంపలే. వంట చేసిన. గుండ్లు పడుతుంటే గూడ రొట్టెలు మోస్కవోయి ఇచ్చిన. ఒకనాడు పొద్దుగాల నా చేతి చాయ్ తాగి పోయినోళ్లల్ల ఆరుగురు మళ్ల రాలే. వాళ్ల పేర్లు చెప్పి దిగుత" అన్నాడు.

రెండో పేరు దగ్గర మైకు ఆపేశారు. ఆయనది పెద్ద గొంతు కాదు. పెదవులు కదులుతున్నాయి, మాట వినపడటం లేదు. నేను ఆగలేకపోయాను. స్టేజీ దగ్గరికి వెళ్లి, ఆయన చెప్పిన ప్రతి పేరూ హాలంతా వినపడేలా గట్టిగా చెప్పాను. మొఘల్‌పురా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, "బోలో బాబా, సున్ రహే" అని, చెప్పు వింటున్నామంటూ లేచి నిలబడింది. ఆమెను చూసి మిగతావాళ్లూ లేచారు. ఆరో పేరు అయ్యేదాకా ఎవరూ కూర్చోలేదు.

మర్నాడు నన్ను హాల్లోంచి తీసేసి చెప్పుల స్టాండు దగ్గర పెట్టారు. క్షమాపణ రాసిమ్మన్నారు. ఎవరికి రాయాలి, ఎందుకు రాయాలి? రాయనని చెప్పేశాను.

ఇంకో ఘోరం విను. గేటు పక్కన తాత ఫొటోతో, ఆ బంకరు కథతోనే పెద్ద ఫ్లెక్సీ కట్టారు. తీసేయమని ఆయన అడిగితే, వచ్చే నెల చూద్దామన్నారు. దాంతో తాత రోజూ పొద్దున్నే వచ్చి, ఆ ఎండలో ఫ్లెక్సీ కింద నిలబడ్డాడు. లోపలికి పోయే ప్రతి ఒక్కరినీ ఆపి, "ఫొటో నాదే, ముచ్చట నాది గాదు" అని చెప్పాడు. మూడో రోజు మధ్యాహ్నం వాళ్లే విప్పేశారు. ఒక్కరూ ఆయనకు తప్పయిందని అనలేదు.

ఆ ఆరుగురి పేర్లు మాత్రం మ్యూజియంలో ఇంకా ఎక్కడా లేవు. పెట్టమని తాత చెప్పగా నేను అర్జీ రాశాను. కింద ఆయన సంతకం చేశాడు, పక్కన నేనూ చేశాను.

పెద్దమ్మకు, చిన్నాయనకు నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. కొత్త ఊళ్లో ఈ లొల్లి నాకెందుకని బావ అంటాడు, అననీ. నువ్వు మాత్రం మంచి పని చేశావని ఒక్క ముక్క రాయి అక్కా. నాకు ఆ దీవెన చాలు.

నీ చెల్లెలు,
లత