లోపలి నెట్‌వర్క్

జూన్ 9, 2025

పొద్దున మీటింగ్‌లో మేనేజర్ ఓంకార్ స్లైడ్ సగం నల్లగా కనిపిస్తుంటే ప్రొజెక్టర్ పాడైందనుకున్నాను. ఎడమ కన్ను మూసి చూస్తే తెలిసింది, పాడైంది నేను. కుడి కంటి రెటీనా ఊడిందట. గోడ మీద సున్నం పెచ్చు ఊడినట్టు అని డాక్టరు చాలా మామూలుగా చెప్పాడు. రేపే ఆపరేషన్. తర్వాత కంట్లో గ్యాస్ బుడగ ఉంచుతారు. అది రెటీనాని అదిమి పట్టుకోవాలంటే నేను బోర్లా పడుకునే ఉండాలి. పగలూ రాత్రీ.

ఈ హాస్పిటల్ మా కస్టమరే. ఏం పని చేస్తారని నర్సు అడిగింది. ఫైల్ సిస్టమ్ అంటే ముఖం చిట్లించింది. మీ స్కాన్లు వేర్వేరు బ్రాంచిల్లో వేర్వేరు మిషన్లలో ఉన్నా డాక్టరుకి ఒకే బీరువాలో ఉన్నట్టు కనిపిస్తాయి కదా, ఆ బీరువా మాది, పాతబడింది, కొత్తది చేస్తున్నాం అన్నాను. త్వరగా చెయ్యండి మేడమ్, అది తెరుచుకునేలోపు పేషెంటు కునుకు తీస్తున్నాడు అంది. అందరికీ స్పీడే కావాలి. తాళం సంగతి ఒక్కరూ అడగరు.

జూన్ 10, ఉదయం 6

థియేటర్‌కి ఇంకా పిలవలేదు. భయంగా ఉంది. పని గురించి ఆలోచిస్తే భయం కాస్త తగ్గుతుంది.

తాళం నా వంతు, స్పీడ్ మా టీమ్‌లోని మునీంద్ర వంతు. పాత సిస్టమ్ రాసిన కాలంలో బిల్డింగ్ లోపలున్నవాళ్ళంతా మనవాళ్ళే అనుకునేవారు. అందుకే ఫైళ్ళు వైర్ మీద పోస్టుకార్డుల్లా పోతాయి, దారిలో ఎవరైనా చదువుకోవచ్చు. కొత్తదానిలో లోపల, బయట అన్న తేడా లేదు. ప్రతి ఫైలూ ఎన్‌క్రిప్ట్ అయ్యే, దారిలో ఎవరు చూసినా పిచ్చి గీతల్లా కనిపించేలా, వెళ్ళాలి. ఇది నా పట్టు. దానికి పట్టే టైమ్ మునీంద్ర ఇంకెక్కడో మిగల్చాలి. దీని మీద మేమిద్దరం పోట్లాడుకోని వారం లేదు. పోట్లాడుకుని కిందకెళ్ళి కలిసే కాఫీ తాగుతాం.

మునీంద్ర వాళ్ళది చిక్కపేటలో బట్టల కొట్టు. ఇక్కడే పుట్టి పెరిగాడు. నెల్లూరు నుంచి వచ్చిన కొత్తలో నాకు ఆటోవాళ్ళతో కన్నడంలో గొడవపడటం నేర్పింది వాడే. ఈ ఊళ్ళో నన్ను అక్కా అని పిలిచేది వాడొక్కడే. ఆపరేషన్ ఫారంలో దగ్గరి బంధువు అన్నచోట వాడి పేరే రాశాను.

జూన్ 12

బోర్లా. ఇంటికి పంపేశారు. ఫోన్‌కి చెబుతుంటే అది రాసుకుంటోంది. మంచం అంచు నుంచి తల వేలాడేస్తే గచ్చు మీద ఒక బీట కనిపిస్తుంది. ఇక అదే నా టీవీ.

జూన్ 13

మునీంద్ర భార్య ఆశ క్యారియర్ తెచ్చింది. రాగి ముద్ద, అందులోకి ఉప్పుసారు, పై గిన్నెలో పెరుగన్నం. కిందకి చూస్తూ తినడం ఎంత అవమానమో రాయలేను. ఆశ నేల మీద కూర్చుని స్పూన్ అందించింది. వెళ్ళేటప్పుడు వంటింట్లో పంచదార డబ్బా ఎక్కడుందో చెప్పి, పై గిన్నెలో గుప్పెడు వేసుకెళ్ళమన్నాను. గిన్నె ఖాళీగా తిరిగిస్తే మా అమ్మ ఊరుకునేది కాదు. నా ఇంటి పంచదార నేనే మోసుకెళ్ళాలా అక్కా అని ఆశ నవ్వింది. వేసుకునే వెళ్ళింది.

జూన్ 14

మా టీమ్‌లో ఒకరు రాసిన కోడ్ ఇంకొకరు చదివి ఒప్పుకుంటేనే లోపలికి వెళ్తుంది. ఒప్పుకోవడమంటే మన పేరు మీదున్న సెక్యూరిటీ కీని లాప్‌టాప్‌కి గుచ్చి, పిన్ కొట్టి, వేలితో తాకడం. చిటికెన వేలంత ఉంటుంది ఆ కీ. దాన్ని ఎవరికీ ఇవ్వకూడదు. ఆ రూల్ రాసింది నేను. కొత్తగా చేరిన ప్రతివాడికీ దాని మీద క్లాసు పీకేదీ నేనే.

మునీంద్ర వచ్చాడు. హాస్పిటల్‌కి డెమో దగ్గరపడిందట, అది పోతే టీమ్‌నే మూసేస్తారట, చిన్న చిన్న మార్పులన్నీ నా కోసం ఆగిపోయాయట. వేరేవాళ్ళకిస్తే అర్థం చేసుకోడానికే వారం పడుతుందన్నాడు. పెద్దదేదైనా ఉంటే ఫోన్లో చదివి వినిపిస్తానన్నాడు. వాడి బూట్లు మాత్రమే కనిపిస్తున్నాయి నాకు. కీ ఇచ్చాను. పిన్ చెప్పాను. వాడేమన్నా బయటివాడా?

జూన్ 16

ఫోన్ చేస్తాడనుకున్నా. చెయ్యలేదు. అంటే పెద్ద మార్పులేం లేవన్నమాట.

జూన్ 25

లేచి కూర్చోమన్నారు. బుడగ చూపుకి అడుగున తాపీమేస్త్రి లెవెల్ గొట్టంలో నీళ్ళలా ఊగుతోంది. ప్రపంచం ఇంకా మసకే, కానీ నిటారుగా ఉంది.

ఆశ క్యారియర్ పంపింది. పై గిన్నెలో కాగితంలో చుట్టి నా కీ. కింద చిత్రాన్నం. మునీంద్ర మెసేజ్: డెమో బ్రహ్మాండంగా జరిగింది. స్కాన్ తెరుచుకునే టైమ్ సగానికి పైగా తగ్గింది. హొసకోటె బ్రాంచిలో పైలట్‌కి, అంటే ముందు అక్కడొక్కచోట వాడి చూడటానికి, హాస్పిటల్ ఒప్పుకుంది. మా టీమ్‌ని మూసేస్తారన్న మాట ఇక లేదు.

ఒంటి కంటితో ఆ మెసేజ్ మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. గర్వంగా అనిపించింది.

జూలై 14

ఆఫీసుకి వెళ్ళాను. కుందలహళ్ళి సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ నేను లేనని ఏమీ బెంగపెట్టుకోలేదు. అందరూ మునీంద్ర భుజం తడుతున్నారు. ఎన్‌క్రిప్షన్ ఉంచి ఇంత స్పీడ్ ఎలా తెచ్చావని అడిగాను. డాక్టరు అడగబోయే ఫైళ్ళని ముందే తెచ్చి పెట్టుకుంటున్నాం, ఒకదాని కోసం ఒకటి ఆగకుండా అన్నీ ఒకేసారి కదులుతున్నాయి అన్నాడు. అది నిజమే, ఆ కోడ్ చూశాను, చాలా అందంగా ఉంది. నా కన్ను నొప్పిగా ఉండి మిగతాది చూడలేదు.

ఆశ క్యారియర్ ఇంకా మా ఇంట్లోనే ఉందని చెప్పాను. ఎక్కడికి పోతుందిలే, మేమే వచ్చి తీసుకుంటామన్నాడు.

ఆగస్టు 5, ఉదయం 11:30, హొసకోటె

హాస్పిటల్ సర్వర్ రూమ్‌లో ఒక్కదాన్నే ఉన్నాను.

ఇక్కడి ఐటీ హెడ్ శామ్యూల్ ఫైళ్ళు తాళంతోనే వెళ్తున్నాయని ఒకసారి చూపించమన్నాడు, వాళ్ళ మేనేజ్‌మెంట్‌కి చెప్పుకోవాలట. సంతోషంగా వచ్చాను. వేరే పేషెంట్ల ఫైల్ ముట్టుకోవద్దు, నాదే తెరవండి అన్నాను. ఆయన పై అంతస్తులో నా రిపోర్టు తెరిచాడు, దాని కాపీ ఇక్కడి సర్వర్‌లోనే ఉంది. నేనిక్కడ వైర్ మీద పోయేది పట్టి చూశాను. పిచ్చి గీతలు కనిపించాలి.

నా పేరు కనిపించింది. అలివేలు. స్త్రీ. వయసు. కుడి కన్ను. డయాబెటిస్ ఉంది. ఒంటరిగా నివసిస్తుంది. డాక్టరు రాసిన ప్రతి ముక్కా.

స్క్రీన్ మీద మాత్రం పచ్చ తాళం బొమ్మ వెలుగుతూనే ఉంది.

ఈ నెట్‌వర్క్ మీదే కాంటీన్ బిల్లింగ్ మిషన్ ఉంది, కెమెరాల కాంట్రాక్టర్ ఉన్నాడు, కింద హాల్లో పేషెంట్ల బంధువులకిచ్చిన వైఫై ఉంది. ఎవడైనా కాఫీ తాగుతూ చదువుకోవచ్చు.

శామ్యూల్ దిగి వచ్చాడు. లాప్‌టాప్ సతాయిస్తోంది, వచ్చే వారం చూపిస్తానన్నాను. అబద్ధం. ముందు మునీంద్రని అడగాలి కదా.

ఆగస్టు 5, సాయంత్రం 4

అడగక్కర్లేకపోయింది. కోడ్‌లో నాలుగు లైన్లు. లాగిన్ వరకే ఎన్‌క్రిప్షన్. ఆ తర్వాత సర్వరూ, అడిగే మిషనూ ఒకే బిల్డింగ్‌లో ఉంటే ఇక అక్కర్లేదు. లోపలి నెట్‌వర్క్ కాబట్టి.

రాసింది మునీంద్ర. ఒప్పుకున్నది నేను. జూన్ 16. నేను గచ్చు మీది బీటని చూస్తూ వాడి ఫోన్ కోసం ఎదురుచూసిన రోజు.

ఆగస్టు 6

ఆఫీసు కింద దర్శిని హోటల్లో నిలబడి కాఫీ తాగుతూ అడిగాను. కాదంటాడనుకున్నాను. కనీసం తడబడతాడనుకున్నాను. డెమోకి టైమ్ లేదన్నాడు. నా ఎన్‌క్రిప్షన్‌తో డెమోకి కావాల్సిన స్పీడ్ నంబర్ రాలేదన్నాడు. నంబర్ రాకుంటే టీమ్ ఉండేది కాదు, నా ఉద్యోగమూ ఉండేది కాదన్నాడు, నాకేదో ఉపకారం చేసినట్టు.

“లోపలి నెట్‌వర్క్ గదక్కా. ఆడ ఎవురుండారు మన ఫైళ్ళు చదివేకి? సుమ్నె ఊరికే తల చెడుపుకోవద్దు.”

నా పేరు నేనే చదివానని చెప్పాను. నా షుగరూ, నా కన్నూ చదివానని చెప్పాను. వచ్చే రిలీజ్‌లో సరిచేస్తానన్నాడు. అది ఎప్పుడో తెలీదు. ఈలోపు మిగతా బ్రాంచీలన్నిటికీ వెళ్తుందట. అయితే ఇవాళే హాస్పిటల్‌కి చెబుతానన్నాను.

వాడు గ్లాసు కింద పెట్టాడు. చాలా మెత్తగా చెప్పాడు.

“నువ్వు ఎవురికీ చెప్పవులేక్కా. కీ ఇచ్చింది నువ్వే గదా.”

అప్పుడర్థమైంది. నా మంచం పక్కన నిలబడి కీ అడిగిన రోజునే ఈ మాట వాడి దగ్గర రెడీగా ఉంది. ఆ నాలుగు లైన్లు నేను క్షమించేదాన్నేమో. భయపడి చేశాడనుకునేదాన్ని. కానీ నా నోరు దేంతో మూయొచ్చో కూడా ముందే చూసుకున్నాడు. ఒళ్ళు మండిపోయింది. కాఫీ వాడి ముఖాన కొట్టలేదు, కొట్టుంటే బాగుండేది.

ఆగస్టు 7

ఓంకార్‌కి జూన్ నుంచే తెలుసు. దీన్ని నోన్ ఇష్యూ, అంటే ముందే తెలిసిన లోపం, అంటారట. కాంట్రాక్టు సంతకం అయ్యేదాకా ఆగమన్నాడు. నా కన్ను ఎలా ఉందని కూడా అడిగాడు.

ఆగస్టు 8

మెయిల్ రాశాను. పంపలేదు. నలభై ఆరేళ్ళు. ఈ వయసులో, ఈ కంటితో, ఎవరిస్తారు ఉద్యోగం?

ఆగస్టు 10

నోరు మూసుకుంటే ఏమవుతుందని రోజంతా ఆలోచించాను. ఏమీ కాదు. జీతం వస్తుంది. మునీంద్ర అక్కా అంటాడు. ఆశ ముద్ద పంపుతుంది. కింద హాల్లో ఎవరో ఒకరు, ఎవరిదో ఒక రోగం చదువుకుంటారు.

ఆగస్టు 11, ఉదయం 9

పంపేశాను. శామ్యూల్‌కీ, మా సెక్యూరిటీ ఆఫీసుకీ. నాలుగు లైన్లు ఏమిటో, ఎవరు రాశారో, నా కీ ఎవరి దగ్గర ఉండిందో, ఎవరిచ్చారో. అన్నీ. నా తప్పు మొదటి పేరాలోనే పెట్టాను, వాడికి ఇక దాచుకోడానికి ఏమీ మిగలకుండా.

శామ్యూల్ వెంటనే ఫోన్ చేశాడు. తిట్టలేదు. లాప్‌టాప్ బాగైందా మేడమ్ అని మాత్రం అడిగాడు. తల కొట్టేసినట్టయింది.

ఆగస్టు 20

ఎంక్వైరీ. మునీంద్ర నాకెదురుగా కూర్చున్నాడు. ఆ మార్పుని ఫోన్లో నాకు పూర్తిగా చదివి వినిపించాననీ, సరే కానివ్వమని నేనే అన్నాననీ చెప్పాడు. మందుల మత్తులో మర్చిపోయి ఉండొచ్చు, తప్పు పట్టడం లేదు అన్నాడు. ఇంగ్లీషులో. అలివేలు మేడమ్ అని.

ఈ డైరీలో రాసుకుని ఉండకపోతే నేనే నమ్మేదాన్నేమో, అంత బాగా చెప్పాడు. కాల్ లిస్టు చూపించాను. వాట్సాప్‌లో చేసి ఉంటానన్నాడు, ఫోన్ మార్చానన్నాడు.

నాకు వాడి మీద కంటే, వాడిని బంధువని రాసిన నా మీద ఎక్కువ కోపం వచ్చింది.

సెప్టెంబర్ 2

నన్ను తీసేశారు. కీ ఇచ్చినందుకు. రూల్ రాసింది నేనే కాబట్టి వాదించడానికేం లేదు. మునీంద్రకి హెచ్చరిక. ఎన్‌క్రిప్షన్ తిరిగి పెట్టే పని వాడికే ఇచ్చారు, ఇక తాళమూ స్పీడూ రెండూ వాడివే. నేను సగం రాసి వదిలిన కోడ్ వాడికి బాగా పనికొస్తుంది. ఆ కోడ్‌తో స్పీడ్ మళ్ళీ పెరుగుతుంది కూడా. కొన్ని నెలలు ఓపిక పట్టుంటే మేమిద్దరం చేసి ఉండేవాళ్ళం.

లాప్‌టాప్, ఐడీ కార్డు ఇచ్చేశాను. కీ కూడా టేబుల్ మీద పెట్టాను. హెచ్‌ఆర్ అమ్మాయి చూసి, అది క్యాన్సిల్ అయిపోయింది మేడమ్, ఇక దేనికీ పనికిరాదు, మీరే ఉంచుకోండి అంది.

సెప్టెంబర్ 19

కంటి చెకప్. డాక్టరు నా పాత స్కాన్ తెరిచాడు. స్క్రీన్ మీద చక్రం తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది. ఈ మధ్య ఏదో అప్‌డేట్ వచ్చిందమ్మా, అప్పటి నుంచీ ఇదే నస అని విసుక్కున్నాడు. నాకేం తొందర లేదన్నాను. ఆ చక్రం తిరుగుతున్నంతసేపూ కళ్ళార్పకుండా చూశాను. నా కన్ను తాళం వేసుకుని వస్తోంది.

ఇంటికొచ్చి ఏడ్చాను. ఏడవడం కంటికి మంచిది కాదట.

సెప్టెంబర్ 21

క్యారియర్ కోసం ఆశ ఎవరినో పంపింది. తను రాలేదు. గిన్నెలు మళ్ళీ కడిగి తుడిచాను. పంచదార డబ్బా తీసి, మూత పెట్టేశాను. పై గిన్నెలో కీ వేసి పంపించాను. గిన్నె ఖాళీగా పంపకూడదు కదా.