తులాభారం చెప్పిన బరువు

నందిగాం

ఛాసీలు అమ్మే బాబుగారికి,

శ్రీకూర్మనాథుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. మీ దగ్గర రేసు కార్ట్ ఛాసీ, అదే ఆ చిన్న పందెం బండి చట్రం, ఆర్డరు పెట్టిన త్రినాథ్‌కి నేను పెద్దక్కను. నడిపేవారు తేలికైతే సన్న గొట్టాలది, బరువైతే లావు గొట్టాలది పంపుతామని, ట్రాకు మీద చక్రాలకు పట్టు ఎలా ఉంటుందో కూడా తెలపమని మీరు అడిగారట. వాడు తన బరువు డెబ్బై కిలోలనీ, ట్రాకు పట్టు అద్భుతమనీ రాశాడు.

రెండూ చుట్టూ చేరినవాళ్ల మాటలే. అప్పలసూరి అని ఒకడు రోజూ వచ్చి, "సిక్కిపోనావు బావా, ఏటీ తినట్లేదేటి?" అంటాడు, మా ఇంటి ఇడ్లీలు తింటూనే.

మొన్న తమ్ముడికి జ్వరం తగ్గితే బెల్లంతో తులాభారం ఇస్తానని మొక్కుకున్నాను. తగ్గాక గుళ్లో తూయిస్తే, నూట పన్నెండు కిలోల బెల్లం పెడితేగాని వాడి పళ్లెం లేవలేదు. అదీ జ్వరంతో చిక్కిన మనిషి.

"బెల్లం ఎండిపోయి తేలికైపోనాదక్కా, అందుకే అన్ని దిమ్మలు పట్టినాయి" అన్నాడు తమ్ముడు. నేను ప్రసాదం పంచాను.

వాడు చెప్పిన ట్రాకంటే మేము జీడిపిక్కలు ఎండబెట్టే సిమెంటు కళ్లం. సముద్రపు గాలికి దాని మీద ఎప్పుడూ ఇసుకే.

ఆ ట్రాకు ప్రారంభం రోజు జనం ముందు తానే నడుపుతాడట. మలుపులో గొట్టం వంగితే నాకున్న ఒక్క తమ్ముడు ఏమవుతాడు? దయచేసి లావు గొట్టాలదే, ఇసుకకు తగ్గట్టు చూసి పంపండి. బిల్లు మీద మాత్రం డెబ్బై కిలోలవారికి అనే రాయండి. లేకపోతే తిప్పి పంపేస్తాడు.

ఆ అబద్ధం సంగతి దేవుడికి నేను చెప్పుకుంటాను.

ఇట్లు,
త్రినాథ్ పెద్దక్క