కాటా తప్పో, మూటలో ఏముందో

పుణెలో చదువుకుంటున్న మనవరాలు వినీతకు, ఆళ్లగడ్డ నుంచి మీ అవ్వ ప్రభువు పేరిట దీవించి రాయించేది. ఇక్కడ మేమంతా క్షేమం, నా మోకాలు ఒక్కటే చెప్పిన మాట వినడం లేదు. మీ అమ్మ అనిత రాస్తోంది. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను, దిద్దితే ఊరుకోను.

నంద్యాల పోయి కళ్లు చూపించుకున్నావా అని అడిగావు. చూపించుకున్నాను. కొత్త అద్దాలతో బియ్యంలో రాళ్లు కనబడుతున్నాయి. అంతా నీ చలవే.

నువ్వు రాసిన నక్షత్రాల సంగతి నాకు అర్థమైనంత తిరిగి చెబుతాను. చుక్కల గుంపు చక్రంలా తిరుగుతుంది. అంచున ఉన్నవి మెల్లగా పోవాల్సింది, లోపలివాటంత జోరుగా పోతున్నాయి. కనబడే బరువుకు వాటిని పట్టి ఉంచే బలం లేదు. కంటికి కనబడని కృష్ణ పదార్థం ఏదో ఉందంటారు నీకు చదువు చెప్పే సుప్రజ మేడం. నువ్వు కొలిస్తే ఏ గుంపులోనైనా కనబడే బరువును బట్టే వేగం ఒకే తీరున వస్తోంది. దాగింది ఏదీ లేదు, అంత దూరాన గురుత్వాకర్షణ సూత్రమే మారుతుందేమోనని నీ అనుమానం. శుక్రవారం నువ్వు అందరి ముందు ఈ మాట చెప్పాలి. జ్వరమొస్తే ఇంట్లో పెట్టుకొని గంజి తాగించిన మేడానికి ఎదురు చెప్పేదెట్లా, నోరు మూసుకోమంటావా అవ్వా అని అడిగావు.

మూసుకోవద్దు.

నంద్యాలలో పసుపు కొనే నరసింహులు అని ఒకాయన ఉండేవాడు. మీ తాత పోయాక ఒంటి ఆడదాని సరుకు ఎవరూ ముట్టకపోతే కొన్నది ఆయనే. ఒక ఏడు నా బస్తాలు ఆయన దగ్గర తూకం తగ్గాయి. తేమ ఆరిందేమో అనుకున్నాను. చూస్తే రుద్రవరం వాళ్లవీ, ఉయ్యాలవాడ వాళ్లవీ అంతే. ఆయన ఒక్కడే ఉన్నప్పుడు పోయి చెప్పాను.

“అన్నా, అందరివీ ఒకే తీరున తగ్గుతాండాయ్. తప్పు మూటల్లో లేదు, నీ కాటాలో ఉంది.”

“నీకు కూడు పెట్టిన కాటానే తప్పంటావా సువార్తా?”

“కూడు పెట్టిందనే నీకు ముందు చెప్తాండా. లేకుంటే గేటు కాడ నిలబడి అరిచేదాన్ని.”

ముఖం తిప్పుకున్నాడు. మళ్లీ సరుకు తీసుకొని పోయేసరికి కాటా బాగు చేయించి, మొదటి మూట నన్నే పెట్టి చూడమన్నాడు.

నీ గుంపులన్నీ ఒకే తీరున వస్తున్నాయని చదివితే ఆ కాటానే గుర్తొచ్చింది. అయినా చుక్కలు పసుపు బస్తాలు కావు. మేడానికి తెలిసింది నాకు తెలియదు. శుక్రవారం దాకా ఆగకు. గురువారమే ఆమె ఇంటికి పోయి నీ కొలతలు ముందు పెట్టు. తప్పుంటే చూపించమను. ఆమె నేర్పిన చదువుతోనే కొలిచానని కూడా చెప్పు.

ఇంక దాచుకున్న మాట ఒకటి ఉంది. నా మనసు మీ మేడం వైపే. మీ తాత పోయాక మాకు కనబడే దిక్కు లేదు, అయినా చెదిరిపోలేదు. కనబడనిది ఏదో పట్టుకొనే ఉంది. చుక్కలకూ అట్లాంటిది ఉండాలని నాకు ఆశ. నా ఆశ కొలత కాదు. దాని కోసం నీ లెక్క మార్చావంటే ఈ గడప తొక్కనివ్వను.

“అత్తా, ఇది గూడా రాయాల్నా? పిల్ల బాధపడదా?” అంటోంది మీ అమ్మ. రాయమన్నాను.

శుక్రవారం ప్రార్థనలో ఇద్దరి పేర్లూ చెబుతాను. ముందు మేడం పేరే చెబుతాను, అలగొద్దు. జ్వరంలో నిన్ను కాచిన మనిషి ఆమె.

ఇట్లు,
నీ లెక్క వైపు లేకపోయినా నీ వైపే ఉన్న
అవ్వ, సువార్తమ్మ (వేలిముద్ర)