బంగాళదుంపల కొట్టుకు గంట కట్టకూడదు

అమెరికాలోని మెయిన్ రాష్ట్రం, అరూస్టుక్ కౌంటీ, బ్రూలే కార్నర్‌లో కాపురముంటున్న ఎల్మీరా డూబే అనే నేను, కీర్తిశేషుడు ఓనెజిమ్ డూబే భార్యను, రిటైరైన బడి పంతులమ్మను, నా బుద్ధి నా దగ్గరే ఉండగా, ఎవరూ బెదిరించకుండా, ఎవరూ బతిమాలకుండా రాయిస్తున్న వీలునామా ఇది. బుద్ధి స్థిరంగా ఉందని డాక్టరు కాగితమిచ్చాడు. కాళ్లే స్థిరంగా లేవు. లాయరు గై మిషో నా వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాడు, నేను పొయ్యికీ కిటికీకీ మధ్య తిరుగుతున్నాను. "కాస్త కూర్చోండి మేడమ్, సగం మాటలు నాకు వినబడటం లేదు" అంటున్నాడు. రెండో తరగతిలో తనూ నా గదిలో ఇలాగే తిరిగేవాడు, నేనేనాడూ కూర్చోమనలేదు. ఈ మాట కూడా రాయమన్నాను. రాశాడు.

నేను ఇదివరకు రాసిన వీలునామాలన్నీ ఇందుమూలంగా రద్దు.

1. ఈ ఇల్లు, ఇంట్లో సామాను, రోడ్డుకు పడమటి పొలం, ట్రాక్టరు నా తదనంతరం నా ఒక్కగానొక్క కొడుకు నార్మండ్‌కు సర్వహక్కులతో చెందాలి. కౌలుకిచ్చుకుంటాడో అమ్ముకుంటాడో వాడిష్టం. కట్టెల పొయ్యి ఎడమ తలుపును కాస్త పైకెత్తి మూయాలి, లేకపోతే ఇల్లంతా పొగ. మంచి కొడుకు. వాడితో నా పేచీ అయిదో క్లాజులో వస్తుంది.

2. పై ట్రాక్టరు తాలూకు రిపేరు పుస్తకం మాత్రం నార్మండ్‌కు కాదు, బోర్లు వేసే రీటా తెరియోకు. పదేళ్లొచ్చినా రీటాకు చదువు అంటలేదని మా బడిలో అందరూ చేతులెత్తేశారు. ఓనెజిమ్ ట్రాక్టరు విప్పదీసి కూర్చుంటే ఆ పిల్ల పక్కన చేరింది. "ఈ ముక్క ఎక్కడ పెట్టాలో ఇందులో రాసుందా? ఏదీ, చూడనివ్వు" అని పుస్తకం లాక్కుంది. మంచు పడేలోగా మొత్తం చదివేసింది. పేజీల మీద గ్రీజు వేలిముద్రలు రీటావే. తుడవకూడదు.

3. పాత ఒంటిగది బడి నాటి ఇత్తడి చేతిగంటను ఇప్పటి బడికి ఇస్తున్నాను. లోపలి నాలుక తీసేసి ఇస్తున్నాను. కారణం రాయొద్దని గై అంటున్నాడు, రాయాల్సిందే. ఒక ఏప్రిల్‌లో నది మీద మంచు విరగడం మొదలైంది. నా తరగతి పిల్లలంతా గట్టు మీద నిలబడి ఉన్నారు. బండంత మంచుపలకలు ఒకదాని మీదికొకటి ఎక్కుతున్నాయి, ఒక్క పిల్లా గోల చేయడం లేదు. అప్పటి హెడ్‌మిస్ట్రెస్, అంటే నా సొంత అక్క క్లోటిల్డ్, మెట్ల మీద నిలబడి ఈ గంట వాయించింది. "లోపలికి రండి, ఇప్పుడు నదుల పాఠం ఉంది" అంది. నది వైపు చూస్తూ చూస్తూనే పిల్లలు లోపలికి వెళ్లి, పుస్తకంలో నది బొమ్మకు నీలం రంగు వేశారు. మేమిద్దరం ఆ తర్వాత చాలాకాలం మాట్లాడుకోలేదు. నాకు ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు.

4. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యతను పై క్లోటిల్డ్‌కే అప్పగిస్తున్నాను. గై కలం కింద పెట్టి నా మొహంలోకి చూశాడు. నాకు మతి పోలేదు. క్లోటిల్డ్‌కు నియమమంటే నియమం. తనకు నచ్చనిదైనా సరే, కాగితం మీద ఉందంటే అక్షరం పొల్లు పోనివ్వదు. నన్ను ప్రేమించేవాళ్లు నా మాటను తలా ఓ వైపు వంచుతారు. అక్క వంచదు.

5. ఇప్పుడు అసలు సంగతి. ఇంటి వెనక గట్టులోకి సగం తవ్వి కట్టిన బంగాళదుంపల కొట్టు, దాని ముందు జాగాతో సహా, నా మనవరాలు ఎలోడీకి చెందాలి. ఇప్పుడామెకు తొమ్మిదేళ్లు, కాబట్టి పెద్దయ్యేదాకా క్లోటిల్డ్ అజమాయిషీలో ఉండాలి. దుంపల సెలవుల్లో బడి మూసేసి పెద్దపిల్లలందరూ దుంపలు ఏరడానికి పొలాల్లోకి వెళ్లినప్పుడు, పొలానికి పనికిరానంత చిన్నవాళ్లు ఈ కొట్టులోనే నా దగ్గరుండేవాళ్లు. నేను వాళ్లకేమీ చెప్పేదాన్ని కాదు. పీపాలు, బుట్టలు, కప్పలు, చీకటి ఉండేవి. అడిగేది వాళ్లు.

వాళ్లందరిలో ఎక్కువ అడిగింది ఎలోడీ. తలుపు మూస్తే లోపలి చల్లదనం ఎక్కడ దాక్కుంటుందని నాలుగేళ్లప్పుడు అడిగింది. నాకు ఇంకా జవాబు దొరకలేదు. పోయిన శీతాకాలం బడిలో నక్షత్రాల పట్టిక పెట్టారు. ఇంట్లో చదివిన ప్రతి పుస్తకానికీ ఒక నక్షత్రం, వరస నిండితే పిజ్జా. అప్పటినుంచి పిల్ల అన్నిటికన్నా పలచటి పుస్తకం వెతుక్కుంటోంది. మంచులో నక్క అడుగులు చూపిద్దామని తీసుకెళ్తే నా చెయ్యి పట్టుకుని, "ఇది లెక్కలోకి వస్తుందా, మెమే?" అని అడిగింది. రాదన్నాను. "అయితే ఇంటికెళ్దాం" అంది. అప్పటినుంచి నాకు కుదురు లేదు. ఆ పిల్ల ఇంకెప్పుడూ ఏమీ అడగదేమోనని భయం. చావుకు కూడా ఇంత భయపడలేదు.

నార్మండ్‌తో అంటే విసుక్కున్నాడు. "నేను నీ పద్ధతిలోనే పెరిగానమ్మా. కాలేజీకెళ్లిన మొదటి ఏడాదే తప్పి ఇంటికొచ్చాను. నా కూతురికి ఆ సిగ్గు వద్దు. నక్షత్రాలిస్తే ఇచ్చుకోనీ, నీ సొమ్మేం పోయింది?" అన్నాడు. వాడి భయం ఉత్తిది కాదు. కానీ ఆ కొట్టును కూలగొట్టి కారు షెడ్డు కడతానంటున్నాడు, అది పడనివ్వను. కాబట్టి షరతులు:

(అ) కొట్టులో గంట, మార్కు, పట్టిక, బహుమతి ఉండకూడదు. పిజ్జా తినొచ్చు. దేనికీ ప్రతిఫలంగా కాకుండా, ఆకలేసి తినాలి.

(ఆ) దుంపల సెలవుల్లో తలుపుకు తాళం వేయకూడదు. ఊళ్లో ఏ పిల్లైనా రావచ్చు.

(ఇ) పిల్లలు విప్పిన వస్తువును పెద్దలు బిగించి ఇవ్వకూడదు.

(ఈ) అడగని పిల్లకు ఏదీ నేర్పకూడదు. అడిగిన పిల్లకు, జవాబు తెలిసినా సరే, పెద్దవాళ్లు ముందుగా అనవలసిన మాట: "నాకు తెలీదు, చూద్దాం పద."

6. నా నీలం ఎనామెల్ గిన్నె ఎలోడీకే. తోకకప్పలను అందులో పెంచుతుండబట్టి ఒక వసంతమంతా అట్ల పిండి సాస్‌పాన్‌లో కలుపుకున్నాను. వాటికి కాళ్లొచ్చిన పొద్దున ఆ పిల్ల అరిచిన అరుపు నా చెవిలో ఇంకా ఉంది.

7. ఈ క్లాజు ఇప్పుడే చేర్పిస్తున్నాను, గై చెయ్యి నొప్పంటున్నా వినకుండా. సమ్మతి సంతకం పెట్టడానికి క్లోటిల్డ్ వచ్చింది. కళ్లజోడు పెట్టుకుని షరతులన్నీ చదివి (ఈ) దగ్గర ఆగింది. "తెలిసినదాన్ని తెలీదనమంటావా? జీవితమంతా సైన్సు చెప్పినదాన్ని, నా నోట అబద్ధం పలికిస్తావుటే ఎల్మీరా? నేను పెట్టను సంతకం" అని కలం మూసేసింది. నేను బతిమాలలేదు. మళ్లీ కిటికీ దగ్గరికి నడిచాను.

అప్పుడు ఎలోడీ కొట్టులోంచి పరుగెత్తుకొచ్చింది. చేతిలో పోయినేటి దుంప, ఏ మూలనో పడి ముడతలు పడ్డది. దానికి చేతి పొడవు తెల్లటి మొలక. "మెమే, ఇది తలుపు సందు వైపే పాకింది. అంత చీకట్లో తలుపెటుందో దీనికెట్లా తెలిసింది?" అంది. రెండో ప్రశ్న కోసం, లెక్కలోకి వస్తుందా అనే ఆ పాడు ప్రశ్న కోసం కాచుకున్నాను. అది రాలేదు. నన్ను వదిలేసి క్లోటిల్డ్ వైపు తిరిగి, "మీకు తెలుసా?" అని అడిగింది.

క్లోటిల్డ్‌కు తెలుసు. ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పిన పాఠమే. నోరు తెరిచింది. పిల్ల మొహం చూసింది, బల్ల మీది కాగితం చూసింది. నేనింకా చావలేదు, ఆ షరతు ఇంకా అమల్లోకి రాలేదు. ఆ సంగతి నాకంటే అక్కకే బాగా తెలుసు.

"నాకు తెలీదమ్మా, చూద్దాం పద" అంది మా అక్క.

పై విషయాలన్నీ చదివించుకుని విని, నా మనసులో ఉన్నవే అని ఒప్పుకుని, నిలబడే చేసిన సంతకం.

2019 సెప్టెంబరు 19, దుంపల సెలవుల మొదటి వారం, బ్రూలే కార్నర్.

(సం.) ఎల్మీరా డూబే

సాక్షులు:
ఆల్సిడ్ వయొలెట్, పక్క పొలం
జోయన్ హెబేర్, పోస్టాఫీసు

అమలుదారు క్లోటిల్డ్ సంతకం: కొట్టులో ఉంది. బయటికొచ్చాక పెడుతుంది.