ఖాళీ లిఫ్టు ఎటు పోతుంది?

ప్రియమైన నాన్నకి,

ఫోనులో చెప్తే అమ్మ వింటుందని ఉత్తరం రాస్తున్నాను. మెకానిక్స్ మొదటి పరీక్షలో యాభైకి పదకొండు వచ్చాయి. స్కూల్లో ఫార్ములాలు బట్టీ పట్టి గట్టెక్కేదాన్ని. ఇక్కడ ఫార్ములాలు ప్రశ్నపత్రంలోనే ఇచ్చేస్తారు. ఏ వస్తువు మీద ఏ బలం ఎటు పనిచేస్తోందో బాణాలు గీసి చూపించాలి. నా బాణాలన్నీ గురి తప్పాయి. కప్పీ మీద తాడు, దానికి రెండువైపులా రెండు బరువులు. ఆ తాడుకి టెన్షన్ ఎంతో తెలీక నాకు టెన్షన్ పట్టుకుంది. రోజూ లిఫ్టులు బాగుచేసే నీకు నవ్వొస్తుందేమో.

నెలాఖరులోపు సబ్జెక్టు మార్చుకోవచ్చట. చరిత్రకి వెళ్ళిపోదామనుకుంటున్నాను. దరఖాస్తు జతచేశాను, సంతకం పెట్టి పంపు. కోప్పడకు.

నీ బుడంకాయ


ప్రియమైన బుడంకాయకి,

కోపమెందుకు? సంతకం పెడతాను. కానీ ముందు నాదో లెక్క చేసిపెట్టు.

లిఫ్టు క్యాబిన్ ఎనిమిది వందల కేజీలు. తాడు అవతలి చివర వేలాడే ఇనుప దిమ్మెలు, అంటే కౌంటర్ వెయిట్, పదకొండు వందలు. క్యాబిన్‌లో ఒకే మనిషి, డెబ్భై కేజీలు. చేతిలో పనిముట్ల సంచి, పది కేజీలు. నాలుగో అంతస్తులో ఉండగా బ్రేకు జారిపోయింది. లిఫ్టు ఎటు పోతుంది? పన్నెండు మీటర్లు పోయేసరికి ఎంత వేగం? అదే మనిషితో పాటు యాభై కేజీల బస్తాలు పన్నెండు ఉంటే ఎటు పోతుంది? పెద్ద అక్షరాలతో, ఎవరు చూసినా అర్థమయ్యేలా రాయి.

అమ్మ కులాసా. నేనూ కులాసానే.

నాన్న


ప్రియమైన నాన్నకి,

నాకు ధైర్యం చెప్పడానికే ఈ లెక్క ఇచ్చావని తెలుసులే. చేశాను. క్యాబిన్ వైపు తాడు లాగుడు క్యాబిన్ బరువంత, దిమ్మెల వైపు లాగుడు దిమ్మెల బరువంత అని వేసుకున్నాను. తర్వాత బండి ముందుకి కదల్లేదు. కాగితం పంపుతున్నాను. చూశావా, నాకు రాదు.

నీ అక్షరాలేంటి, కోడి కెలికినట్టున్నాయి?

నీ బుడంకాయ


ప్రియమైన బుడంకాయకి,

పెన్ను మంచిది కాదు.

నీ కాగితం ప్రకారం ఇటు లాగుడూ బరువూ సమానం, అటు లాగుడూ బరువూ సమానం. అలాగైతే లిఫ్టు ఉన్నచోటే ఉండాలి. కానీ అది కదిలింది. మళ్ళీ చెయ్యి తల్లీ. తెలియకపోతే సిగ్గుపడకుండా మీ మేడంని అడుగు. పద్దెనిమిదో తారీఖులోపు నాకు అందాలి.

నాన్న


ప్రియమైన నాన్నకి,

మేడం గదికి వెళ్ళాను. తిడుతుందనుకున్నాను, కుర్చీ చూపించింది. "ముందు ఆ వస్తువుని చుట్టాలందరి దగ్గర్నుంచీ విడదీసి ఒంటరిగా గియ్యి. దాన్ని ఎవరు లాగుతున్నారో అంతవరకే బాణాలు వెయ్యి. అది ఎవర్ని లాగుతోందో నీకనవసరం. తాడు ఒకటే కాబట్టి టెన్షన్ రెండువైపులా ఒకటే. బరువుతో సమానమని నీకెవరు చెప్పారు?" అంది. ఎవరూ చెప్పలేదు, నేనే అనేసుకున్నాను.

నాలుగు కాగితాలు పాడయ్యాక వచ్చింది. ఒక్క మనిషే ఉంటే లిఫ్టు కింద పడదు నాన్నా, పైకి పోతుంది! గురుత్వ త్వరణంలో సరిగ్గా తొమ్మిదో వంతు త్వరణంతో. పన్నెండు మీటర్లు పోయేసరికి సెకనుకి ఐదు మీటర్ల పైచిలుకు వేగం. బస్తాలు కూడా ఉంటే మాత్రం కిందికే. రాపిడినీ కప్పీ బరువునీ లెక్కలోకి తీసుకోలేదు. మేడం చూసి బాగుందంది. ఆ కాగితం ఇందులో పెట్టాను. ఆనందంతో మెట్లు రెండేసి దిగాను.

ఒక్కటి అడుగుతాను. నువ్వు "కదులుతుంది" అని రాయలేదు, "కదిలింది" అని రాశావు. ఏ లిఫ్టు నాన్నా అది?

నీ బుడంకాయ


ప్రియమైన బుడంకాయకి,

పట్టేశావు. ఆ డెబ్భై కేజీల మనిషిని నేనే.

నీ మొదటి ఉత్తరం రావడానికి రెండు రోజుల ముందు సంగతి. అరిగిన బ్రేకు మార్చమని రెండుసార్లు రాసిచ్చాను, ఎవరూ పట్టించుకోలేదు. లిఫ్టు పైకి దూసుకెళ్ళి కప్పుకి గుద్దుకుని అక్కడే ఇరుక్కుంది. కుడి మణికట్టు విరిగింది. ఇవన్నీ ఎడమచేతి రాతలు. అమ్మకి నీతో చెప్పొద్దన్నాను, దాన్నేమీ అనకు.

నేను పన్నెండు టైల్స్ బస్తాలు ఎక్కించి బరువు మించేలా చేశానని, అందుకే బ్రేకు పట్టలేదని ఆ భవనం మేనేజరు విచారణలో చెప్పాడు. "బస్తాలుంటే కిందికి పోవాలి కదా సార్, పైనెలా ఇరుక్కుంది?" అన్నాను. "నువ్వేమన్నా ఇంజనీరువా? లెక్క ఉంటే కాగితం మీద చూపించు" అన్నారు విచారణవాళ్ళు. ఇరవై రెండేళ్ళుగా నా చేతులకి తెలిసిన సంగతే. కాగితం మీద పెట్టడం నాకు రాదు. ఉద్యోగం పోతుందని నిజంగా భయపడ్డాను.

నీకు ధైర్యం చెప్పడానికి కాదమ్మా ఆ లెక్క. నాకే కావాలి.

నిన్న నీ కాగితం ఇచ్చాను. కంపెనీ ఇంజనీరు వరుసలన్నీ చదివి టిక్కు పెట్టాడు. ఒకచోట యూనిట్లు మర్చిపోయావట, చూసుకో. నా తప్పు లేదని రాసేశారు.

నీ దరఖాస్తు మీద సంతకం చేసి ఇందులోనే పెట్టాను. చరిత్ర ఇష్టమైతే హాయిగా వెళ్ళు. రాదని మాత్రం వెళ్ళకు.

ఇంకొకటి. లెక్క చేసినవాళ్ళ పేరు లేకుండా కాగితం ఫైల్లో పెట్టరట. నీ పూర్తి పేరు నేనే రాశాను. ఎడమచెయ్యి కదా, కాస్త వంకరగా వచ్చింది.

నాన్న