మురుగు కాలువ మీద రోడ్డు

అమలాపురం,
1981 జూన్ 18

ప్రియమైన ఏలీయా అన్నయ్యకు,
నీ చెల్లెలు సువర్ణ వందనాలు. మీ సంస్థ వాలంటీర్లు మే నెలలో మన పేటకి వచ్చి, కొత్త రోడ్డుకి టేపులు పట్టి కొలుచుకెళ్లారు. వాళ్లలో తెల్లమ్మాయి మామిడితాండ్ర తిని తెగ మెచ్చుకుంది. చర్చిలో ఆరాధనయ్యాక నువ్వు పంపిన ప్లాను కాగితం నేనే చదివి వినిపించాను. "మన ఏలీయా గీసిందంటే ఇంకేం కావాలండీ, ఆయ్" అంటూ నలభై ఇళ్లవాళ్లూ వేలిముద్రలేశారు.
ఇప్పుడు నాకు భయంగా ఉంది. వాళ్లొచ్చింది కాలువలకి నీళ్లు కట్టేసిన నెలలో. బీడనుకుని రోడ్డు గీసిన చోటు మన మురుగు కాలువ. మొన్న నీళ్లు వదిలారు, అక్కడిప్పుడు మోకాలి లోతుంది. పై చేల నీళ్లన్నీ దిగే దారి అదొక్కటే. ప్లాను మార్చు అన్నయ్యా.
నీ సువర్ణ

మద్రాసు,
జూలై 9

ప్రియమైన చెల్లాయికి,
వాళ్లు తెచ్చిన మ్యాపులో మన కాలువని నేనే గుర్తుపట్టలేదు. సిగ్గేసింది. కానీ పైవాళ్ల సంతకాలైపోయాయి. మన దేశంలో మా సంస్థకిదే మొదటి పని. ఇది కుదిరితే ఇంకో పన్నెండు పట్టణాలకి ఇదే నమూనా. రోడ్డు కింద తూము పెట్టిస్తాను. పేటలో ఎవరితోనూ అనకు.
నీ అన్న ఏలీయా

అమలాపురం,
అక్టోబరు 4

ప్రియమైన అన్నయ్యకు,
రోడ్డు పూర్తయింది. వాలంటీర్లతో సమానంగా మనవాళ్లూ మట్టి తట్టలు మోశారు. పేటలోకి తొలిసారి జీపొచ్చింది. పురుడొస్తే మంచం మీద మోసుకెళ్లే రోజులు పోయాయని పక్కింటి అప్పాయమ్మత్త జీపుని నిమిరి ఏడ్చింది.
నీ తూములో బిందె పట్టదు. మంగళవారం ఒక్క పూట వానకే నీళ్లు అప్పాయమ్మత్త అరుగెక్కాయి. రోడ్డు తెగ్గొడదామంటే పేట పెద్ద ఇస్సాకు మావయ్య నా మీద ఇంతెత్తున లేచాడు. "మా చేతుల్తో ఏసుకున్న రోడ్డమ్మా. ఏలీయా చెప్తే కొడతాం గానీ నువ్వు చెప్తే కాదు" అన్నాడు. నవంబరు తుఫాన్లు ముందున్నాయి. రోడ్డు కొట్టమని ఒక్క ముక్క రాయి అన్నయ్యా, నీ కాళ్లు పట్టుకుంటాను.
సువర్ణ

మద్రాసు,
అక్టోబరు 19

ప్రియమైన చెల్లాయికి,
నవంబరు ఇరవైన మా పెద్దలు విదేశం నుంచి రోడ్డు చూడ్డానికొస్తున్నారు. అప్పటిదాకా ఓపిక పట్టు. తర్వాత నేనే వచ్చి గునపం పడతాను. ఈలోగా ఏమవుతుంది చెప్పు?
తొందరలో, ఏలీయా

అమలాపురం,
నవంబరు 14

ప్రియమైన అన్నయ్యకు,
మంగళవారం వాయుగుండం పట్టింది. గురువారం మధ్యాహ్నానికి నీళ్లు మంచాలందుకున్నాయి. రోడ్డుకి అవతల మాత్రం నేల కనబడుతూనే ఉంది. అయినా ఒక్కరూ గునపం ఎత్తలేదు.
అప్పుడు నేనే ఉత్తరం రాశాను. చిన్నప్పుడు నీ కాపీలు రాసిపెట్టిన చెయ్యే కదా, నీ దస్తూరీ సులువుగానే వచ్చింది. "రోడ్డు వెంటనే తెగ్గొట్టండి. తప్పు నాది. ఏలీయా." చర్చిలో నీళ్లలో నిలబడి, నువ్వు పంపావని చెప్పి చదివాను. చదవడం పూర్తవకుండానే ఇస్సాకు మావయ్య గునపం అందుకున్నాడు. సాయంత్రానికి నీళ్లు తీశాయి. అందరూ బతికారు, అప్పాయమ్మత్త తప్ప. ఆ ఉత్తరం నేను బుధవారమే రాయవలసింది. నీ ఉత్తరం వస్తుందేమోనని ఆగాను.
కాగితం మావయ్య పెట్టెలో భద్రంగా ఉంది. ఇరవైన మీ పెద్దలొచ్చి, రోడ్డెవరు కొట్టమన్నారని అడిగితే గర్వంగా చూపిస్తాడట. అది నీది కాదని చెప్పుకుంటావో, నీదేనని ఒప్పుకుంటావో నీ ఇష్టం. పేటంతా రేపు నీ కోసం ప్రార్థన పెట్టుకుంది. నేను మాత్రం వెళ్లలేను.
సువర్ణ